కొంగు మాటున గాయము

లింగంపేటలోని నాగన్న బావిని మీలో పలువురు చూచియే యుందురు. రాతిమెట్లు దిగి నీరు తెచ్చుకొనిన దినములలో ఇట్టి బావులయొద్దనే మన స్త్రీలు తమ కష్టసుఖములు చెప్పుకొనుచుండిరి. ఇంట చెప్పరాని మాట బావిగట్టున చెప్పబడెడిది. ఆ మాట గట్టు దాటి పుస్తకములలోనికి వచ్చుటకు ఎంతకాలము పట్టినదో, దారిలో ఎట్టి యడ్డంకులు కలిగినవో మనవిచేయుటయే నేటి నా ప్రసంగోద్దేశము.

ముందుగా నా తప్పు ఒకటి చెప్పుకొందును. చాల ఏండ్ల క్రిందట ఈ ప్రాంతపు ఒక పల్లెలో పెద్దమనుషుల పంచాయతీలో నేనును కూర్చుంటిని. భర్త కొట్టెనని ఒక ఇల్లాలు వచ్చి, పగిలిన పెదవిని కొంగుతో కప్పుకొని నిలుచున్నది. మేము కాపురము మాట, పరువు మాట, పిల్లల మాట చెప్పి పంపితిమి. దెబ్బ ఎక్కడ తగిలినదని గాని, ఎన్నాళ్లనుండి ఇట్లు జరుగుచున్నదని గాని ఒక్కరమును అడుగలేదు. ఆమె మరల రాలేదు. తగవు తీరినదని మేమనుకొంటిమి.

మన సాహిత్యచరిత్రలోను ఇట్టి తీర్పులు గలవు. పదునెనిమిదవ శతాబ్దమున తంజావూరు నేలిన ప్రతాపసింహుని ఆస్థానములో ముద్దుపళని యను విదుషి 'రాధికాసాంత్వనము' రచించినది. సాంత్వనమనగా ఓదార్పు. రాధ తన కోరికను, కోపమును, బాధను దాచుకొనక చెప్పగా కృష్ణుడు ఆమెను ఓదార్చుట అందలి కథ. కందుకూరి వీరేశలింగము పంతులుగారంతటి సంస్కర్తయే ఆ కావ్యమును స్త్రీకి తగనిదని ఆక్షేపించిరి. బెంగుళూరు నాగరత్నమ్మగారు వెనుదీయక 1910లో దానిని పరిష్కరించి అచ్చువేయించిరి. పురుషకవులు వ్రాసినప్పుడు తప్పు కాని శృంగారము స్త్రీ వ్రాసినప్పుడు తప్పెట్లగునని వారి వాదము. ఆంగ్లప్రభుత్వము గ్రంథమును నిషేధించినది. టంగుటూరి ప్రకాశము పంతులుగారి కాలమున, 1947లో గాని ఆ నిషేధము తొలగలేదు.

గ్రంథమునకు విడుదల కలిగినను దేహముపై జరుగు దౌర్జన్యమునుగూర్చి మాటలాడుటకు మరికొంత కాలము పట్టినది. 1978లో హైదరాబాదు నల్లకుంట పోలీసుఠాణాలో ఒక స్త్రీపై అత్యాచారము జరిగెను. ఆమె భర్త పోలీసుల దెబ్బలకు మరణించెను. జనము వీథులలోనికి వచ్చిరి. విచారణసంఘము పోలీసులను తప్పుపట్టినను, తరువాత నడచిన కేసులో వారు విడుదలయైరి. ఆ అలజడి మన స్త్రీల ఉద్యమమునకు బలమిచ్చినది. పిమ్మట కవయిత్రులు దాపరికము లేక వ్రాయసాగిరి. ప్రసవవేదననుగూర్చి కొండేపూడి నిర్మల, పైటనుగూర్చి జయప్రభ వ్రాసిరి. ఓల్గా సంపాదకత్వమున 1993లో 'నీలిమేఘాలు' అను సంకలనము వెలువడినది.

ఇచ్చట ఒక విశేషము గలదు. జయప్రభ పైటను స్త్రీని సిగ్గుతో కట్టివేయు బంధముగా చూచి, దానిని తగులబెట్టవలెననినది. మన తెలంగాణపు కవయిత్రి జూపాక సుభద్ర కొంగును వేరుగా చూచినది. దళితకుటుంబమున పుట్టి, కాయకష్టము నెరిగిన ఆమెకు కొంగు రొమ్ముపై కావలి గుడ్డ మాత్రమే కాదు, పనిలో తోడు. మన పొలములలో చూడుడు: నాటువేయు స్త్రీ కొంగును నడుమునకు బిగించును, దానితోనే చెమట తుడుచుకొనును, దానిలోనే కూలిడబ్బులు ముడివేసికొనును. కొంగు ఒక్కటే, కట్టుకొను బ్రతుకులు వేరు. కనుక స్త్రీల బాధ యంతయు ఒక్కటే యనుకొనుట పొరపాటు. కులమునుబట్టి, మతమునుబట్టి, పనినిబట్టి గాయము మారును. 2003లో గోగు శ్యామల కూర్చిన 'నల్లపొద్దు', 2005లో షాజహానా ప్రకటించిన 'నఖాబ్' ఈ సంగతినే మనకు తెలుపును.

దూరదేశమునను ఇట్టి కవిత్వమే గలదు. 1848లో మెక్సికో దేశము యుద్ధమున ఓడి విశేషభూభాగమును అమెరికాకు వదలుకొన్నది. ఇల్లు కదలకయే అచ్చటి జనులు పరదేశీయులవలె చూడబడిరి. మెక్సికో మూలముగల అమెరికా స్త్రీలు తమ్ము చికానాలని చెప్పుకొందురు. వారిలో గ్లోరియా అన్జల్దువా టెక్సాసులో 1942లో జన్మించినది. బడిలో తల్లిభాష యైన స్పానిషు మాటలాడినందుకు దండన పొందిన ఆమె, 1987లో ప్రకటించిన గ్రంథములో ఆ భాషను ఇంగ్లీషుతో కలిపి వ్రాసి, దేశపు సరిహద్దును తన దేహముపై గాయముగా భావించినది. నిజాము రాజ్యమున ఉర్దూ బడులలో చదివిన మన పెద్దలకు ఆ బాధ కొంత తెలిసినదే. సుభద్ర మన యింటి యాసలోనే కవిత్వము వ్రాయుటయు ఇట్టి పట్టుదలయే.

కవిత్వము పగిలిన పెదవిని అతుకలేదు. కాని బాధపడినవారు తమ మాటలతో తామే చెప్పుకొని, వినువారు నమ్మిననాడు, తప్పు తమది కాదను ధైర్యము కలుగును. మానుటకు అది మొదలు. ఇప్పుడు చట్టము కూడ తోడున్నది. 2005లో చేయబడిన గృహహింస చట్టము ప్రకారము కొట్టుట మాత్రమే కాదు, మాటలతో హింసించుటయు గృహహింసయే. భార్యను ఇంటినుండి గెంటుటకు వీలు లేదు. 181 అను నంబరునకు ఫోను చేసినచో సహాయము లభించును.

అయ్యలారా, ఆ యిల్లాలికి నేను చేసిన అన్యాయమును ఇప్పుడు దిద్దలేను. మీ గుమ్మమునకు రేపు అట్టి ఆడకూతురు వచ్చినచో పరువు మాట ఎత్తకుడు. కూర్చుండబెట్టి, మంచినీళ్లిచ్చి, ఏమి జరిగినదమ్మా యని అడుగుడు. ఆమె చెప్పునంతవరకు నడుమ మాటలాడకుడు. సెలవు.