ఇంజిన్ బిగింపు, మౌంట్ల అమరిక
కారులో ఇంజిన్‌ను తిరిగి ఎక్కించేటప్పుడు మౌంటు బోల్టులన్నీ వదులుగా పట్టించాకే ఏ ఒక్కదాన్నైనా పూర్తిగా బిగించాలి. మౌంటు బరువు మోయడమే కాదు, ఇంజిన్ అదురు బాడీకి చేరకుండా ఆపుతుంది కూడా. 1931లో అమెరికాలో క్రైస్లర్ కంపెనీ తన ప్లిమత్ కారుకు ‘ఫ్లోటింగ్ పవర్’ పేరుతో రబ్బరు మౌంట్లు అమర్చింది. ఇంజిన్ గరిమనాభి గుండా పోయే అక్షం చుట్టూ అది ఊగేలా వాటి చోటు నిర్ణయించడంతో నాలుగు సిలిండర్ల ఇంజిన్ అదురు బాగా తగ్గింది. అంటే రబ్బరు ఉంటే చాలదు, ఉండాల్సిన చోట మెలిపడకుండా ఉండాలి.

రబ్బరు సాగేదే కదా, రంధ్రం కాస్త పక్కకున్నా పలుగుతో నెట్టి బోల్టు దించితే సర్దుకుంటుందని కొందరంటారు. ఆ సాగే గుణం అదురును మింగడానికి. బిగింపులోనే దాన్ని ఖర్చు చేస్తే ఆగి ఉన్న కారులో కూడా స్టీరింగ్ వణుకుతుంది, రబ్బరు త్వరగా చిరుగుతుంది. రంధ్రాలు కలవకపోతే చైన్ బ్లాకును కొద్దికొద్దిగా దించుతూ, గేర్ బాక్స్ కింద జాకీని సవరిస్తూ, బోల్టు చేతివేళ్లతో తిరిగేదాకా ఆగాలి. తర్వాత బరువంతా మౌంట్ల మీదికి వదిలి, ఇంజిన్‌ను అటూ ఇటూ కదిపి, అది కుదురుకున్నాక కంపెనీ మాన్యువల్ చెప్పిన వరుసలో టార్క్ రెంచితో బిగించాలి. ఇందుకు సమయం ఎక్కువ పడుతుందన్నది నిజమే. కానీ తప్పు బిగింపును సరిదిద్దాలంటే మళ్లీ జాకీ పెట్టి అన్నీ వదులు చేయక తప్పదు. ఇక ఆయిల్ తాగి ఉబ్బిన మౌంటును ఎంత జాగ్రత్తగా అమర్చినా లాభం లేదు, మార్చాల్సిందే.