వీరాస్వామయ్య కాశీ మార్గము

చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీ పదవినలంకరించిన ఏనుగుల వీరాస్వామయ్య 1830వ సంవత్సరము మే 18వ తేదీ రాత్రి కాశీయాత్రకు బయలువెడలినపుడు, ఇంటి స్త్రీలు, బంధుమిత్రులు, పరిచారకులు, బోయీలు, కావటివాండ్రు కలిసి సుమారు నూరుమంది ఆయన వెంట నుండిరి. ఈ పరివారమే ఆయన గ్రంథమునకు ప్రాణమని నా దృఢవిశ్వాసము. ఏకాకియైన బాటసారి చెట్టునీడ చాలునని సాగిపోవును. ఇంటిల్లిపాదితో పయనించువానికి ప్రతి మజిలీయందును మంచినీరు గలదా, బియ్యము, కట్టెలు అంగడిలో దొరకునా, స్త్రీలు తలదాచుకొన సత్రమున్నదా, లేక డేరాలు వేయవలెనా యను విచారము తప్పదు. ఈ విచారమంతయు దినదినమును ఆయన లేఖలలోనికెక్కినది. చెన్నపట్టణమందలి మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాస పిళ్లకు వ్రాసిన ఆ లేఖలే పిమ్మట కాశీయాత్ర చరిత్రయై, తరువాతి యాత్రికులకు దారి చూపినవి.

తిరుపతి, కడప సీమలు దాటి, అహోబిల శ్రీశైలములను సేవించి, హైదరాబాదు, నిర్మల, నాగపురము, జబ్బలుపురము, మీర్జాపురముల మీదుగా ఆయన ప్రయాగ కాశీక్షేత్రములను చేరెను. కాశినుండి కన్యాకుమారివరకు ఇదివరలో 7వ సంఖ్య జాతీయరహదారిగ నుండిన మార్గమును పటముపై చూచిన, హైదరాబాదు మొదలు మీర్జాపురమువరకు ఆయన మజిలీలే వరుసగా కానవచ్చును. నేడు కారులో పిల్లలను, పెద్దలను ఎక్కించుకొని మూడు నాలుగు దినములలో ఈ దూరమును గడపవచ్చును. ఆర్మూరు దాటి నిర్మల చేరబోవునపుడు సోన్ వద్ద గోదావరి వంతెన క్షణములో వెనుకబడిపోవును. వంతెనలు లేని ఆ కాలమున నూరుమంది పరివారమును, సామానును ఆవలి గట్టునకు చేర్చుట యెంతటి కార్యమో అచ్చట కారు నిలిపి పిల్లలకు చెప్పవలెను. జబ్బలుపురము చెంత చెప్పవలసినది వేరు: బాటసారులను చంపి దోచు థగ్గులను అణచుటకు కంపెనీ అధికారి స్లీమను దొర పూనుకొన్న రోజులవి, బాటసారులు బెదరిన దారులవి.

ఐనను ఆ మార్గము నిజముగ మిగిలియున్నది రహదారిపై కాదు, నల్లమలలో. ఆత్మకూరునుండి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలనుల మీదుగా అడవిలో శ్రీశైలమునకెక్కు కాలిబాటను ఆయన పట్టెను. రెడ్డిరాజుల కాలమున కట్టించిన సోపానములు ఆ కొండలపై నేటికిని గలవు. నాడు కందనూరు (కర్నూలు) నవాబు యాత్రికులవద్ద పన్ను గొనుచుండెను. ధర్మకార్యమునకు వచ్చినవారిని పీడించుటను చూచి వీరాస్వామయ్య నొచ్చుకొనెను. ఇంగ్లీషువారి కొలువులోనివాడైనను, ఆయన పాలకుల మంచిచెడ్డలను కొలుచుటలో సామాన్యయాత్రికుని పక్షమున నిలుచుట నాకు మిక్కిలి గౌరవాస్పదముగ తోచుచున్నది. నేడు ఆత్మకూరు వైపునుండి కారు దోర్నాల ఘాటుమీదుగా కొండ యెక్కవలెను. పాతబాట పులుల అభయారణ్యములో నున్నది. శివరాత్రికిని, ఉగాదికిని మాత్రము రాయలసీమనుండి, కన్నడదేశమునుండి వేలకొలది భక్తులు, చంకబిడ్డల తల్లులుసైతము, ఆ బాటనే నడచి భీముని కొలనువద్ద సేదదీరి కైలాసద్వారము చేరుచున్నారు. పూర్వుల జాడలు పట్టి కుటుంబసమేతముగ పయనించుట క్రొత్త వినోదమని తలచువారు ఈ జనప్రవాహమునొకమారు చూడవలయును.

కాశినుండి మనవారిలో పెక్కుమంది విమానమెక్కి యిల్లు చేరుచున్నారు. వీరాస్వామయ్య యట్లు చేయలేదు, చేయ వీలును లేదు. గయను సేవించి, గంగపై పడవలలో సాగి కలకత్తా చూచి, పూరీ జగన్నాథము మీదుగా తూర్పుతీరము వెంబడి దిగి, 1831 సెప్టెంబరు 3న చెన్నపట్టణము చేరెను. శ్రీకాకుళము, విశాఖపట్టణము, రాజమహేంద్రవరము, నెల్లూరు నాడెట్లుండెనో తెలుపు ఘట్టములు ఈ తిరుగుదారిలోనివే. 1836లో ఆయన గతించిన రెండేండ్లకు గ్రంథము అచ్చుపడెను. 1941లో దిగవల్లి వేంకట శివరావుగారు బెజవాడనుండి దానిని మరల ప్రకటించిరి. కాశి చాలునని తిరిగివచ్చిన కుటుంబములు మరుసటి సెలవులకైనను పూరీనుండి కారు కదల్చి, ఆ తీరపు మజిలీలను గ్రంథము చేతబట్టుకొని చూడవలెనని నా కోరిక. అందులో పలువురకు తమ స్వగ్రామముల ప్రాచీనస్థితియే కంటబడగలదు.