గజ్జి పురుగూ – తల్లుల సూదిమొనా



ఇవాళ మనం చెప్పుకోబోయేది నలుగురిలో పైకి అనడానికి కాస్త సిగ్గుపడే విషయం. అదే, పిల్లల గజ్జి.

పగలంతా ఆడుకున్న పిల్లవాడు రాత్రి పక్కమీదికి చేరగానే గోకడం మొదలుపెడతాడు. చూస్తే వేలిసందుల్లో, మణికట్ల దగ్గర, బొడ్డు చుట్టూ చిన్న చిన్న పొక్కులు. "ఒంట్లో వేడి చేసిందమ్మా" అంటుంది పక్కింటి పెద్దావిడ. "రక్తం చెడింది" అంటుంది ఇంకొకావిడ. "తల్లికి శుభ్రం తెలియదు" అని చాటున అనుకునేవాళ్ళూ లేకపోలేదు. ఈ మూడు మాటల్లో ఒక్కటీ నిజం కాదు. ఆ సంగతి తేల్చుకోవడానికి వైద్యశాస్త్రానికి వందల ఏళ్ళు పట్టింది. చిత్రమేమిటంటే, ఆ జవాబు మొదటినుంచీ పేదింటి తల్లుల చేతుల్లోనే ఉంది.

ఐరోపాలోనూ పూర్వం వైద్యులు, శరీరంలో రసాలు చెడి గజ్జి పుడుతుందనే నమ్మేవారు. అందుకని విరేచనాలకు ఇవ్వడం, రక్తం తీయడం – ఇదీ వైద్యం! 1687లో ఇటలీలోని లివోర్నో రేవు పట్టణంలో బొనోమో అనే యువ వైద్యుడు ఒక సంగతి గమనించాడు. అక్కడి బీదతల్లులు పిల్లల చర్మంలోంచి సూదిమొనతో నీటిబొట్టులాంటి దాన్నేదో తీసి, పేనును కుక్కినట్టు గోటిమీద కుక్కేవారు. 'ఏమిటది?' అనుకున్నాడు. చెస్తోని అనే మందుల తయారీదారుతో కలిసి, దాన్ని సూక్ష్మదర్శినిలో పెట్టి చూశాడు. తాబేలు ఆకారంలో చిన్న పురుగు! గజ్జికి కారణం ఇదేననీ, కడుపులోకి మందులిచ్చి లాభం లేదనీ, ఒంటికి గంధకంవంటి పైపూతలే పనిచేస్తాయనీ ఫ్రాన్సెస్కో రెడి అనే పండితుడికి ఉత్తరం రాశాడు.

అంత స్పష్టంగా చెప్పినా పెద్దలు ఒప్పుకోలేదు. ఆ మాట మరుగున పడిపోయింది. 1812లో పారిస్‌లో గాలెస్ అనే ఆయన పురుగును చూపించానన్నాడు. తీరా ఆయన బొమ్మలో ఉన్నది చీజ్‌లో పెరిగే పురుగని తర్వాత విమర్శలొచ్చాయి. దాంతో అసలు పురుగే లేదన్నవాళ్ళ నోరు మరింత పెద్దదయింది.

1834లో పారిస్‌లోని సెయింట్ లూయీ ఆసుపత్రిలో కార్సికా ద్వీపం నుంచి వచ్చిన రెనూచి అనే విద్యార్థి అందరి ముందూ సూదితో పురుగును తీసి చూపించాడు. ఈ విద్య ఎక్కడిదంటారా? వాళ్ళ ఊళ్ళలో ఆడవాళ్ళు చేస్తుంటే చూసి నేర్చుకున్నదే! పెద్ద పెద్ద డాక్టర్లు పొక్కులో వెతికారు. పురుగేమో పొక్కులో ఉండదు, చర్మంలో అది తవ్వుకున్న సన్నని సొరంగం చివర ఉంటుంది. ఆడపురుగు అందులో రోజుకు రెండు మూడు గుడ్లు పెడుతూ పోతుంది.

ఇక రెండో ప్రపంచయుద్ధకాలం. ఇంగ్లండులో కెన్నెత్ మెలన్‌బీ అనే శాస్త్రవేత్త, యుద్ధానికి వెళ్ళమన్న కొందరు యువకులు స్వచ్ఛందంగా ముందుకు రాగా, వాళ్ళమీద పరీక్షలు చేశాడు. గజ్జి ఉన్నవాళ్ళు కప్పుకున్న కంబళ్ళు కప్పుకున్నా వాళ్ళకు గజ్జి అంటడం చాలా అరుదయింది. ఒంటికి ఒళ్ళు ఆనితేనే అంటుందని తేలింది. ఒక మనిషి ఒంటిమీద సగటున ఉండే పురుగులు పది పన్నెండేనట! అన్నిటికన్నా ముఖ్యం – మొదటిసారి అంటినప్పుడు, దురద మొదలయ్యేసరికి సుమారు నెల పడుతుంది.

చూశారా, మన ఇళ్ళల్లో గజ్జి పోయినట్టే పోయి మళ్ళీ ఎందుకొస్తుందో! గోక్కునే బిడ్డకొక్కడికే మందు రాస్తాం. పక్కలో పడుకునే తల్లికీ, చంకనెత్తుకునే అక్కకీ అప్పటికే అంటి ఉంటుంది. కానీ దురద లేదు కనుక తెలియదు. బిడ్డకు తగ్గేసరికి వాళ్ళ దగ్గర్నుంచి మళ్ళీ వస్తుంది. 2015లో వెలువడిన ఫిజీ దీవుల పరిశోధనా ఇదే చెప్పింది. ఊరందరికీ ఐవర్‌మెక్టిన్ మాత్రలిస్తే, నూటికి 32 మందికున్న గజ్జి ఏడాదిలో ఇద్దరికి దిగింది.

కనుక డాక్టరు రాసిచ్చిన పెర్మెత్రిన్ పూతమందును ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి రాసుకోవాలి. మెడనుంచి కాలివేళ్ళదాకా, గోళ్ళ కిందా వదలకుండా రాయాలి. పసిపిల్లలకైతే కళ్ళూ, నోరూ తప్పించి తలకూ, ముఖానికీ కూడా. పొద్దున్నే స్నానం. వారం తర్వాత మళ్ళీ ఒకసారి. ఆ రోజే పక్కబట్టలు వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరెయ్యండి. పురుగు చచ్చినా దురద రెండు మూడు వారాలుండొచ్చు. కంగారుపడి రోజూ మందు పులమకండి. రెండు నెలలు నిండని పసికందుకు డాక్టరును అడగందే ఏదీ రాయకూడదు. పురుగులమందులు, కిరసనాయిలు జోలికి అసలు పోవద్దు.

అశ్రద్ధ మాత్రం పనికిరాదు. గోకిన చోట క్రిములు చేరి చీము పడుతుంది. ఒక్కోసారి దానివల్ల మూత్రపిండాలకే ముప్పు రావచ్చు. చీము పట్టినా, ముఖం ఉబ్బినా, మూత్రం ఎర్రగా వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గజ్జిని నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల పట్టికలో చేర్చింది. ఆ నిర్లక్ష్యానికి సగం కారణం మన సిగ్గే. దాచుకున్నన్నాళ్ళూ అది పక్కింటికీ, బడికీ పాకుతూనే ఉంటుంది. గజ్జి తల్లి తప్పూ కాదు, బిడ్డ తప్పూ కాదు. మీ ఇంట్లో కనిపిస్తే, పక్కింటావిడకు ముందు మీరే చెప్పండి. ఆనాటి తల్లులు సూదిమొనతో చేసిన మేలును, ఈనాడు మనం ఒక్క మాటతో చేయవచ్చు.

సెలవు.