పికప్ ట్రక్కు స్ప్రే బెడ్ లైనర్

స్ప్రే బెడ్ లైనర్ అనునది పికప్ ట్రక్కు వెనుకభాగమున సరుకులు వేయు తొట్టె లోపలివైపు పిచికారీ చేసి ఏర్పరచు మందపాటి పాలిమరు పూత. ఈ తొట్టెను ఆంగ్లములో బెడ్ అంటారు. ఇటుకలు, కంకర, పనిముట్లు వేసినపుడు రంగు గీసుకుపోకుండుటకు, అడుగున ఉన్న ఉక్కు తుప్పు పట్టకుండుటకు ఈ పూత వేయిస్తారు. అమెరికా, కెనడాలలో పికప్ ట్రక్కు రైతులు, వడ్రంగులు, తాపీ మేస్త్రీలు వాడు బండియే గాక కుటుంబ వాహనము కూడా అగుటచే ఇది అక్కడ విస్తృతముగా వాడుకలో ఉన్నది. శీతాకాలమున మంచు కరుగుటకు రహదారులపై ఉప్పు చల్లు మిషిగన్, ఒహైయో వంటి రాష్ట్రాలలో తుప్పు బెడద మరింత ఎక్కువ. ఒకసారి అతుక్కున్న పూతను ఊడదీయుట చాలా కష్టము. కనుక ఎంపికలో జరిగిన పొరపాటు బండి ఉన్నన్నాళ్లు దానితోనే ఉంటుంది.

ప్లాస్టిక్ తొడుగు

స్ప్రే పూత కంటె ముందునుండి వాడుకలో ఉన్నది, నేటికీ చౌకగా దొరకునది పాలిఎథిలీను తొడుగు. తొట్టె ఆకారములో అచ్చు వేసిన ఈ తొడుగును తేలికగా అమర్చవచ్చును, తీసివేయవచ్చును. బరువైన వస్తువుల దెబ్బలకు బాగుగా ఆగుతుంది. అయితే తొడుగుకు, లోహమునకు మధ్య నీరు, ఇసుక చేరుతాయి. బండి కదిలినపుడెల్లా రాపిడికి రంగు అరిగి, కంటికి కనబడని చోట తుప్పు మొదలగును. నునుపైన ప్లాస్టిక్ మీద సరుకులు అటునిటు జారుట మరియొక లోపము. స్ప్రే పూత లోహమును అంటిపెట్టుకొని ఉండును కావున ఈ ఖాళీ ఏర్పడదు.

రసాయన స్వభావము

రెండు ద్రవములు కలియుటచే ఈ పూత తయారగును. ఒకటి ఐసోసయనేటు, సాధారణముగా ఎమ్‌డిఐ అను రకము. రెండవ ద్రవములో పాలియోలు ఉన్నచో పాలియురిథేను, అమీను ఉన్నచో పాలియూరియా ఏర్పడుతుంది. రెండింటిని కలిపిన మిశ్రమ రకములు కూడా కలవు. పాలియురిథేను రసాయనమును 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందము కనుగొన్నది. పిచికారీకి అనువైన పాలియూరియా 1980లలో అమెరికాకు చెందిన టెక్సాకో సంస్థ పరిశోధనల ఫలితము. ఈ రంగములో పేరొందిన రైనో లైనింగ్స్ 1988లోను, లైన్-ఎక్స్ 1993లోను మొదలైనవి. 2004 నమూనా నిస్సాన్ టైటాన్ ట్రక్కుకు కర్మాగారములోనే ఈ పూత వేయించుకొను వీలు కల్పించారు.

ఐసోసయనేటు నీటితో కలిసిన కార్బన్ డయాక్సైడు వెలువడి పూతలో బుడగలు ఏర్పడతాయి. అమీనుతో జరుగు చర్య నీటితో జరుగు చర్య కంటె ఎంతో వేగమైనది. అందుచే తేమగల వాతావరణములో పాలియూరియాకు బుడగల ఇబ్బంది తక్కువ. అది కొన్ని సెకండ్లలోనే గట్టిపడును; కావున రెండు ద్రవములను వేడిచేసి, అధిక పీడనముతో, తుపాకీ వంటి సాధనము మొనవద్దనే కలిపి చల్లవలెను. ఇందుకు ఖరీదైన యంత్రము, చేయి తిరిగిన పనివాడు అవసరము.

ఎంపిక

మెత్తని పూత మీద సరుకు జారదు, కానీ పదునైన అంచులకు త్వరగా చిరుగుతుంది. గట్టి పూత చిరుగుటకు లొంగదు, పట్టు కొంత తక్కువ. గృహోపకరణములు తరలించు వారికి మొదటిది, రాళ్లు, ఇనుము మోయు వారికి రెండవది అనుకూలము. తొట్టె అడుగున సుమారు 3 మిల్లీమీటర్ల మందము మంచిదిగా భావిస్తారు. గోడలపై పలుచగా ఉన్నను నష్టము లేదు.

ఎండ మరియొక ముఖ్యాంశము. చౌకగా లభించు ఆరోమాటిక్ రకము అతినీలలోహిత కిరణములకు వెలిసి, నలుపు క్రమముగా బూడిదరంగుకు మారును. అలిఫాటిక్ రకము, లేదా పైన వేయు రక్షణ పొర రంగును నిలుపును. కానీ ఖర్చు ఎక్కువ. హామీ రంగు వెలియుటకు వర్తించునో లేదో, బండి అమ్మిన పిదప కొత్త యజమానికి చెందునో లేదో ముందుగానే చదువుకొనవలెను.

అయితే ఏ సంస్థ పూత అనుదాని కంటె, పూతకు ముందు తొట్టెను ఎట్లు సిద్ధపరచిరి అనునదే ముఖ్యము. మేకులు, కొక్కెములు విప్పి, జిడ్డు కడిగి, పాత రంగును గరుకు కాగితముతో రుద్దిన తరువాతనే పిచికారీ చేయవలెను. తుప్పు మీద పూసినచో అది లోపల దాగి పెరుగుతుంది, తెలిసేసరికి లోహము తినివేయబడి ఉంటుంది. దుకాణము ఎంచుకొనునపుడు కొన్నేళ్ల క్రితము వారు పూసిన బండిని చూపమని అడుగుట మేలు; మూలలు, అంచులు లేచినవో లేదో అందులో తెలిసిపోవును. ఇంటివద్ద బ్రష్షుతో, రోలరుతో పూయు డబ్బాలు కూడా దొరుకుతాయి. వాటి పొర పలుచన, మన్నిక తక్కువ.

ప్రతి ట్రక్కుకు ఈ పూత తప్పనిసరి కాదు. 2005 నమూనా నుండి టయోటా టకోమా తొట్టె మిశ్రమ పదార్థముతోను, 2015 నమూనా నుండి ఫోర్డ్ ఎఫ్-150 తొట్టె అల్యూమినియముతోను చేస్తున్నారు. వీటికి ఎర్రతుప్పు భయము లేదు, గీతల బాధ మాత్రమే. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో 2016లో ప్రారంభమైన ఇసుజు కర్మాగారము డి-మ్యాక్స్ పికప్‌లను తయారుచేయుటతో తెలుగువారికి కూడా ఈ తరహా బండి పరిచయమైనది.

ఆరోగ్యము, భద్రత

గట్టిపడిన పూత హానికరము కాదు. పిచికారీ సమయమున గాలిలో తేలు ఎమ్‌డిఐ తుంపరలు మాత్రము ఉబ్బసమునకు దారితీయును. అమెరికా వృత్తి భద్రత, ఆరోగ్య జాతీయ సంస్థ 2006లో ఈ పనివారి కొరకే ప్రత్యేక హెచ్చరిక ప్రచురించినది. మిషిగన్‌లో ఇటువంటి పూత పూసిన ఒక కార్మికుడు తీవ్రమైన ఉబ్బసముతో మరణించిన ఉదంతము అందులో కలదు. ఒకసారి శరీరము ఐసోసయనేటుకు అలవికాని స్పందన అలవరచుకొన్న పిదప అతి కొద్ది మోతాదు కూడా ప్రాణాపాయము కావచ్చును. అందుచే గాలి బయటకు పంపు ప్రత్యేక గదిలో, బయటినుండి శుద్ధమైన గాలి అందించు ముసుగు ధరించి మాత్రమే పని చేయవలెను. చేతిరుమాలు కట్టుకొన్నంత మాత్రమున రక్షణ లేదు. 1984లో భోపాల్‌లో వెలువడిన మిథైల్ ఐసోసయనేటు కూడా ఈ కుటుంబమునకు చెందినదే. అయితే అది తేలికగా ఆవిరియగును, ఎమ్‌డిఐ అట్లు ఆవిరి కాదు, తుంపరగానే ప్రమాదము.

ప్లాస్టిక్ తొడుగు గల తొట్టెలో పెట్రోలు డబ్బాను ఉంచి నింపుట మరియొక ప్రమాదము. ప్లాస్టిక్ విద్యుద్బంధకము కావున డబ్బాపై చేరిన స్థిర విద్యుత్తు నేలకు పోజాలదు. పంపు మొన దగ్గరకు వచ్చినపుడు నిప్పురవ్వ పుట్టి ఆవిరి అంటుకొనును. స్ప్రే పూత కూడా విద్యుద్బంధకమే. డబ్బాను బండి దించి, నేలపై ఉంచిన తరువాతనే నింపవలెను.