ఆక్యుపేషన్ అంటే ఉద్యోగం కాదట

ఈసారి కొంచెం చరిత్ర రాస్తున్నాను. నేను చదివింది కాన్వెంటులో. తెలుగు రాయడం అరవై దాటాక నేర్చుకున్నాను కాబట్టి నా వాక్యాలు చిన్నవిగా ఉంటాయి, ఓపిక పట్టండి.

కిందటి చలికాలం ఇంటి ముందు మంచు మీద జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. కట్టు విప్పాక మొదట వెళ్ళిన చోట ప్రతి వారం చెయ్యి ఎంత వంగుతోందో కొలిచేవారు. కొన్నాళ్ళకి, బాగానే వంగుతోంది, ఇక రానక్కర్లేదన్నారు. వంగుతోంది, నిజమే. కానీ శుక్రవారం గుళ్ళో అమ్మవారికి దండ కట్టబోతే రెండో ముడికే దారం జారిపోయింది. "పర్లేదు ఆంటీ, మీరు కూర్చోండి, మేం కడతాం" అన్నారు పక్కవాళ్ళు. ప్రేమగానే అన్నారు. ఇంటికొచ్చి ఏడ్చాను. రెండు వారాలు గుడి వైపు వెళ్ళలేదు.

తర్వాత ఇంకో చోటికి వెళ్ళాను. అక్కడి అమ్మాయి ఆక్యుపేషనల్ థెరపిస్టు. మీ ఆక్యుపేషన్ ఏమిటని అడిగింది. రిటైరయ్యానని చెప్పాను. తను నవ్వి, ఉద్యోగం కాదు, పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏమేం చేస్తారో చెప్పమంది. ఇన్నేళ్ళుగా ఈ దేశంలో ఫారాలు నింపుతున్నాను, ఆ మాటకి ఇంకో అర్థం ఉందని అప్పుడే తెలిసింది. లైబ్రరీకి వెళ్ళి చదివాను.

ఈ వైద్యం ఒక రోగి ఇంట్లో సంఘంగా మొదలైంది. జార్జ్ ఎడ్వర్డ్ బార్టన్ ఆర్కిటెక్టు. ఆయనకి క్షయ వచ్చింది. తర్వాత మంచుకి పాదం పాడై వేళ్ళు తీసేశారు. ఆపైన ఎడమ పక్క పక్షవాతం. న్యూయార్క్ రాష్ట్రంలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊళ్ళో తోటపని, వడ్రంగం చేస్తూ తన ఒంటిని తానే దారికి తెచ్చుకున్నాడు. 1914లో అక్కడే కన్సొలేషన్ హౌస్ అని ఒక ఇల్లు తెరిచాడు. 1917 మార్చిలో ఆ ఇంట్లో ఆరుగురు కలిసి సంఘం పెట్టారు. బార్టన్, ఆయన సెక్రటరీ ఇసబెల్ న్యూటన్ (తర్వాత ఆయన భార్య అయింది), మానసిక వైద్యుడు విలియం రష్ డంటన్, ఎలినార్ క్లార్క్ స్లేగల్, చేతిపనుల టీచరు సూసన్ కాక్స్ జాన్సన్, కెనడాలో గాయపడిన సైనికుల కోసం పని చేస్తున్న థామస్ కిడ్నర్. ఇప్పటి అమెరికన్ ఆక్యుపేషనల్ థెరపీ అసోసియేషన్ ఆ సంఘమే. ఆరుగురిలో డాక్టరు ఒక్కడే, నాకు అది బాగా నచ్చింది.

వాళ్ళ ఆలోచనని మాటల్లో పెట్టినవాడు ఆడాల్ఫ్ మేయర్. స్విట్జర్లాండ్‌లో పుట్టి బాల్టిమోర్‌లో మానసిక వైద్యుడిగా ఉండేవాడు. 1921లో ఇచ్చి, 1922లో అచ్చయిన ప్రసంగంలో ఆయన నాలుగు విషయాలు చెప్పాడు: పని, ఆట, విశ్రాంతి, నిద్ర. రోజులో ఈ నాలుగింటి తూకం తప్పితే మనిషి చెదిరిపోతాడని, ఆ తూకం చెప్తే రాదు, చేస్తూ ఉంటేనే వస్తుందని ఆయన ఉద్దేశం. స్లేగల్ దీన్ని ఆస్పత్రుల్లో చేసి చూపించింది. ఏళ్ళ తరబడి మంచాన ఊరికే పడి ఉన్నవాళ్ళకి లేవడం, మొహం కడుక్కోవడం, తినడం, కాస్త పని, కాస్త ఆట, ఇలా రోజుని మళ్ళీ అలవాటు చేసింది.

విచిత్రం ఏమిటంటే ఆ వృత్తివాళ్ళే తర్వాత ఇది కొంత మర్చిపోయారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వైద్యులు కండరాలు, కీళ్ళు, నరాలు కొలిచే పద్ధతికి తిరిగితే వీళ్ళూ అటే వెళ్ళారు. 1961లో మేరీ రైలీ, స్లేగల్ పేరు మీద ఇచ్చే ఉపన్యాసంలో, మన మొదటి ఆలోచన దగ్గరికి మళ్ళీ వెళ్దాం అని గట్టిగా అడిగింది. నా చెయ్యిని కొలిచి పంపించినవాళ్ళు ఆ ఉపన్యాసం చదవలేదనుకుంటాను. (కోపం ఇంకా పూర్తిగా పోలేదు, క్షమించండి.)

ఇండియాకి ఈ విద్య తెచ్చింది కమలా నింబ్కర్. పుట్టుకతో అమెరికన్, అసలు పేరు ఎలిజబెత్ లండీ. 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆస్పత్రిలో మొదటి స్కూలు పెట్టింది.

ఇక నా దండ. ఒక పనిని అడుగడుగుగా విడదీసి చూడటం వీళ్ళ పాత పద్ధతి. ఆ అమ్మాయి నా చేత దండ కట్టించి చూసింది. ఎడమ చేత్తో పూలు పట్టుకోవడం, జత పెట్టడం, కుడి చేత్తో దారం తిప్పడం, వేలి చుట్టూ మెలిక వేసి లాగడం. అంతా వస్తోంది, ఆ లాగడం దగ్గరే బొటనవేలికి బలం చాలట్లేదు. సన్న నైలాన్ దారం మాన్పించి గరుకు నూలు దారం ఇచ్చింది. మొదట పెద్ద కాగితం పూలు, తర్వాత చామంతులు. మల్లెమొగ్గలు చివరికి.

ఆక్యుపేషన్‌కి తెలుగు మాట వెతికాను. వృత్తి అంటే జీతం గుర్తొస్తుంది. పని అంటే చాకిరీ కూడా అవుతుంది. మా అమ్మమ్మ, చూపు తగ్గాక కూడా వత్తులు చేస్తూ, మనిషికి ఏదో ఒక వ్యాపకం ఉండాలే అనేది. వ్యాపకం సరిపోతుందనుకుంటున్నాను. మీ ఇంట్లో వేరే మాట ఉంటే రాయండి.

పోయిన శుక్రవారం మూర చామంతి కట్టాను. ముడులు వదులుగానే ఉన్నాయి. పూజారిగారు ఏమీ అనకుండా తీసుకెళ్ళి వేశారు.