భూగోళమున మన యూరి చోటు

సాలూరెక్కడ నున్నదని యెవరైన నడిగినచో మనమిచ్చు నుత్తరము సాధారణముగా నొక్కటే. వేగవతీ తీరమున, తూర్పు కనుమల దిగువ, బొబ్బిలికి పడమట, పాచిపెంట మీదుగా కొరాపుట్టునకు బోవు ఘాటుబాట మొదట నున్నదని చెప్పుదుము. ఈ యుత్తరము తప్పు గాదు. కాని బొబ్బిలియు వేగవతియు నెక్కడనో యెరుగని వానికి దీనివలన నేమియు దెలియదు. ఒక యూరిని మరియొక యూరితో జెప్పుట చుట్టమును చుట్టముతో జెప్పుట వంటిది. ఆ కుటుంబము నెరిగినవారికే యది యుపకరించును. ఇరుగుపొరుగు సాక్ష్యము నపేక్షింపక సూర్యుని సాక్షిగా నిలిపి చెప్పు మార్గము వేరొకటి కలదు. దాని ప్రకారము సాలూరు భూమధ్యరేఖకు ఉత్తరముగా సుమారు 18 అంశల 32 కళలు, గ్రీనిచ్చికి తూర్పుగా సుమారు 83 అంశల 13 కళలు దూరమున నున్నది. మొదటిది అక్షాంశము, రెండవది రేఖాంశము. ఇట్టి యంకెలు మన దేశమున నెట్లు సంపాదింపబడినవో, వానివలన సామాన్య గృహస్థునకు గలుగు ప్రయోజనమేమో విచారించుట యీ వ్యాసమున మా యుద్దేశము.

భూమి గుండ్రనిదను మాట ఆంగ్లవిద్యతో వచ్చినదని తలచువారు మనలో నింకను గలరు. పురాణశ్రవణమున సప్తద్వీపములను, సప్తసముద్రములను విని, మన పూర్వుల భూగోళజ్ఞానమంతయు నదియే యనుకొందురు. ఆ యింటనే యుగాదినాడు పంచాంగమును విందురు. గోళమైన భూమి నంగీకరింపనిదే ఆ పంచాంగము గ్రహణమును జెప్పజాలదని యెరుగరు. క్రీ. శ. 499 ప్రాంతమున ఆర్యభటుడు భూమి గోళమనియు, అది తన్ను దాను చుట్టి తిరుగుచున్నదనియు జెప్పెను. తరువాతివారిలో బ్రహ్మగుప్తాదులు భ్రమణమును ఖండించిరి గాని గోళత్వమును ఖండింపలేదు. 1150లో సిద్ధాంతశిరోమణిని రచించిన భాస్కరాచార్యుడు, గుండ్రనిదైన భూమి చదునుగా నేల కన్పట్టుచున్నదను ప్రశ్నకు సమాధానము చెప్పెను: ఏ వృత్తమునందైనను పరిధిలో నూరవ వంతు తిన్నని గీత వలెనే తోచును; భూమి మిక్కిలి పెద్దది, మనుష్యుడు మిక్కిలి చిన్నవాడు. ఉజ్జయిని భూమధ్యరేఖనుండి భూపరిధిలో పదునారవ వంతు దూరమున నున్నదనియు నాయన లెక్క. అనగా ఇరువదిరెండున్నర అంశలు. నేటి కొలత 23 అంశల 11 కళలు.

ఈ కొలతకు సాధనమేమి? పండ్రెండంగుళముల శంకువు, చదునైన నేల, ఎండ. పగలును రాత్రియు సమానమగు విషువద్దినమున, అనగా మార్చి 20, 21 తేదీల ప్రాంతమునను సెప్టెంబరు 22, 23 తేదీల ప్రాంతమునను, మధ్యాహ్నమున నా శంకువు నీడ యెంత పొడవుండునో దానికి జ్యౌతిషికులు పలభయని పేరిడిరి. భూమధ్యరేఖపై పలభ శూన్యము. ఉత్తరమునకు బోవుకొలదిని నీడ పెరుగును. ఆ నీడను శంకువుతో భాగించినచో వచ్చు ఫలమునుండి అక్షాంశమును గనుగొనవచ్చును. సాలూరునందలి పలభ యించుమించు సరిగా నాలుగంగుళములు. చూపుడువ్రేలితో జూపి చెప్పదగినంత సులభమైన లెక్క: కఱ్ఱ మూడు వంతులు, నీడ యొక వంతు. మూడడుగుల కఱ్ఱ నాటినచో అడుగు నీడ పడును. మన పిల్లలు పాఠశాలలో అక్షాంశమను పదమును పరీక్ష కొరకు కంఠస్థము చేయుచున్నారే కాని, తమ వాకిటనే సంవత్సరమునకు రెండుసార్లు సూర్యుడు దానిని వ్రాసి చూపుచున్నాడని యెరుగరు.

ఇంకొక యడుగు ముందునకు బోవుదము. ఆ దినముననే విశాఖపట్టణమున నొక పదియడుగుల స్తంభమును, సాలూరున నట్టిదే యొక స్తంభమును నిలిపినచో, సాలూరు నీడ విశాఖపట్టణపు నీడకంటె దాదాపు రెండంగుళములు పొడవుండును. రెండూళ్లకు అక్షాంశభేదము సుమారు 50 కళలు. భూచక్రములో నది 432వ వంతు. ఉత్తర దక్షిణములుగా వాని యెడము సుమారు 92 కిలోమీటర్లు. 92ను 432చే హెచ్చించినచో భూపరిధి నలువదివేల కిలోమీటర్లకు సమీపమున దేలును. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమున ఎరటోస్తనీసు ఐగుప్తదేశమున జేసిన పని యిదియే. అయితే ఆ రెండంగుళములలో పావు అంగుళము తప్పి కొలిచినచో భూపరిధిలో నెనిమిదవ వంతు తప్పును. సూత్రము నెరుగుట యొకటి, సూక్ష్మముగా గొలుచుట వేరొకటి. మన పూర్వులు మొదటిదానిని చక్కగా నెరిగిరి. రెండవదానియందు తరువాతి తరములవారు తృప్తిపడి యూరకుండిరి. గురువు చెప్పిన సంఖ్యను శిష్యుడు వల్లించెను. కఱ్ఱ పట్టుకొని మరల వాకిటికి వచ్చినవారు కొందరే.

రేఖాంశ మింతకంటె కష్టతరము. అక్షాంశమునకు సూర్యుడొక్కడు చాలును. రేఖాంశమునకు రెండు చోట్ల కాలమును పోల్చవలెను. భూమి గంటకు పదునైదంశలు తిరుగును గనుక ఒక యంశకు నాలుగు నిమిషములు. లంకనుండి ఉజ్జయిని మీదుగా మేరువునకు బోవు మధ్యరేఖను మన సిద్ధాంతులు మూలముగా నేర్పరచుకొనిరి. ఆ రేఖకు తూర్పుననో పడమటనో యున్న యూరికి దేశాంతరసంస్కారము చేసిరి. ఆ దేశాంతరమును గనుగొనుటకు చంద్రగ్రహణము నుపయోగింపుమని సూర్యసిద్ధాంతము చెప్పుచున్నది. చంద్రగ్రహణము కనబడు చోట్ల నెల్ల నొక్క క్షణముననే కనబడును. స్థానిక కాలము మాత్రము వేరుగా నుండును. ఆ భేదమే దేశాంతరము. ఉపాయము నిర్దుష్టము. కాని ఘటికాయంత్రమున నొక్క విఘటిక, అనగా 24 సెకండ్లు, తప్పినచో మన యూరు పది కిలోమీటర్లు పక్కకు జరుగును. పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లండులో హారిసను నిర్మించిన గడియారమును 1761లో ఓడపై నంపి పరీక్షించిన తరువాతనే సముద్రమున రేఖాంశ మెరుగుట నావికులకు సాధ్యమని తేలినది. గడియారము లుండియు పొరపాట్లు తప్పలేదు. 1792లో నిర్మితమైన మద్రాసు వేధశాల రేఖాంశమును బట్టియే మన దేశపటము లన్నియు గీయబడెను. ఆ రేఖాంశమున రెండు కళలకు మించిన తప్పున్నదని తంతివార్తలవలన గడియారములను పోల్చిన పిమ్మట గాని స్పష్టము కాలేదు.

ఇట్టి సూక్ష్మవిద్యను మన తెలుగువారిలో నొక జమీందారు సొంత ధనముతో నవలంబించుట స్మరింపదగినది. గోడే వెంకట జగ్గారావుగారు (1817–1856) మద్రాసు వేధశాలాధికారి టేలరు వద్ద ఖగోళశాస్త్రము నభ్యసించి, 1840లో విశాఖపట్టణమున డాబాగార్డెన్సునందు వేధశాలను గట్టించిరి. వారి యల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు డిప్యూటీ కలెక్టరు పని చేసి, పిదప ఆ వేధశాలను వృద్ధిచేసి, 1874 డిసెంబరు 9వ తేదీని శుక్రుడు సూర్యబింబముపై నడచుటను పరిశీలించి, ఆ ఫలితములను ఇంగ్లండులోని ఖగోళశాస్త్రజ్ఞులకు నివేదించిరి. అట్టి పరిశీలనకు విలువ రావలెనన్నచో, పరిశీలకుడు నిలిచిన చోటి అక్షాంశ రేఖాంశములును, ఆ క్షణమును సెకండ్లతో దెలియవలెను. ధనికులు భోగములకు వెచ్చించు ద్రవ్యములో గొంత గడియారమునకును దూరదర్శినికిని వెచ్చించినచో నేమగునో వీరిరువురు చూపిరి. మన ప్రాంతమున వారి మార్గము ననుసరించినవారు విస్తరించి యుండినచో నేటి మన యింటి మాటలే వేరుగా నుండెడివి.

దేశమంతటిని గొలుచుట ప్రభుత్వపు పని యయ్యెను. 1802లో లాంబ్టను మద్రాసు చెంత పరంగికొండ దగ్గర సుమారు ఏడున్నర మైళ్ల ఆధారరేఖను గొలిచి, దానిపై త్రిభుజముల నల్లుచు దేశమును గొలువనారంభించెను. ఒక భుజమును నేలపై గొలిచి, తక్కినవానిని కోణములచే లెక్కించుట యీ పద్ధతి. ఆయన కోణయంత్రము బరువు అరటన్ను. దానిని గుడిగోపురములపైకిని గొండలపైకిని బలిసిన భుజములు మోసినవి. 1819లో కృష్ణాగోదావరుల నడిమి యడవులలో బని చేయుచు ఎవరెస్టును, ఆయన వెంటనున్న సుమారు 150 మందియు జ్వరముపాలైరి. శిఖరమునకు ఎవరెస్టు పేరు నిలిచినది. ఆ జ్వరమున గూలిన మోతగాండ్ర పేర్లు ఏ పటమునను లేవు. తరువాత కాల్బీ దండములతో గొలిచిన పది యాధారరేఖలలో 1862–63 నాటి విశాఖపట్టణపు రేఖ యొకటి. ఈ కొలతల ప్రయోజనము దారులు గీయుటతో దీరలేదు. ధ్రువములకు సమీపించుకొలది ఒక యంశ పొడవు హెచ్చుచున్నదా, తగ్గుచున్నదా యని చూచి భూమి యాకారమునే నిర్ణయింపవలసియుండెను. హెచ్చుచున్నదని తేలినది. భూమి ధ్రువములవద్ద నణగియున్నది. మధ్యరేఖవద్ది వ్యాసార్ధము ధ్రువముల వైపు వ్యాసార్ధముకంటె సుమారు 21 కిలోమీటర్లు పెద్దది.

కొలుచుటలో నింత శ్రమపడిన ప్రభుత్వములు, కొలిచిన చోటనున్న మనుష్యుని విషయమున నంత శ్రద్ధ చూపలేదు. దీనికి నిదర్శనము సాలూరు కొండలపైననే యున్నది. 1936 ఏప్రిల్ 1వ తేదీని ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు సరిహద్దు ఈ మన్యమునుండి పోయెను. సాలూరునకును పొట్టంగికిని నడుమనున్న కొటియా గ్రామములు ఇరువదియొకటి ఎవ్వరివను తగవు నేటికిని దీరలేదు. 1968లో నది సుప్రీంకోర్టు కెక్కెను. యథాస్థితిని పాటింపవలెనని న్యాయస్థానము ఆజ్ఞాపించెను. 2021లో నక్కడి పంచాయతీ యెన్నికలతో వివాదము మరల రేగెను. ఆ గ్రామము లెక్కడ నున్నవను విషయమున నెవ్వరికిని సందేహము లేదు. వాని అక్షాంశ రేఖాంశములను కళలతో వికళలతో జెప్పవచ్చును. ఎవ్వరివను ప్రశ్నకు మాత్రము సూర్యుడును ఉపగ్రహమును ఉత్తర మీయజాలరు. అది మనుష్యులు మనుష్యులతో గూర్చుండి తేల్చుకొనవలసిన మాట. అక్కడ నివసించువారిని ముందుగా నడుగవలసిన మాట.

అట్లని ఆ యంకెలు గిరిజనునకు నిరర్థకములని మేము చెప్పము. 2006 నాటి అటవీహక్కుల చట్టము ననుసరించి పోడుభూములకు హక్కుపత్రము లిచ్చునప్పుడు చేని మూలలను ఉపగ్రహసంకేతములను గ్రహించు యంత్రములతో గొలుచుచున్నారు. ఆ యంత్రము కొత్తదే గాని దాని మూలసూత్రము పాతదే: స్థానమును కాలముచే నెరుగుట. ఉపగ్రహమునుండి సంకేతము వచ్చుటకు బట్టిన కాలమును లెక్కించి దూరమును గట్టును. సెకండులో పదిలక్షవ వంతు తప్పినను మూడువందల మీటర్లు తప్పును. అంత సూక్ష్మమైన కొలత చేని యజమాని చేతికి కాగితముపై వరుస యంకెలుగా వచ్చును. ఆ వరుసను చదువగలిగినచో నది వాని చేను. చదువలేకున్నచో, చదివి చెప్పువాడెంత చెప్పిన నంతయే వాని చేను. పూర్వము గొలుసు పట్టినవాని మాట, నేడు యంత్రము పట్టినవాని మాట. తెలియనివాని స్థితి రెండు కాలములందు నొక్కటియే.

కావున భూగోళపాఠము విద్యాలంకారము గాదు, ఆత్మరక్షణ. దీనికి వేధశాలలతో బనిలేదు. వచ్చు విషువద్దినమున ప్రతి యింటను, ప్రతి బడిలోను మూడడుగుల కఱ్ఱ నొకటి నాటింపుడు. నీడ మిక్కిలి పొట్టియైన క్షణమున దాని కొనను గుర్తింపుడు. అదియే నిజమైన మధ్యాహ్నము, అదియే నిజమైన ఉత్తరదిక్కు. గడియారము నప్పుడు చూచినచో, 1906 నుండి మనమనుసరించుచున్న భారతకాలము మన యూరి కాలము గాదని పిల్లలే కనుగొందురు. ఆ కాలమునకు మూలమైన 82½ అంశల రేఖ తునికి సమీపమున బోవుచున్నది. సాలూరు దానికి తూర్పున నుండుటచే మన కాలము సగటున మూడు నిమిషములు ముందు నడచును. ఈ పని మగపిల్లలకే యని యెంచకుడు. ముగ్గు పెట్టుటకు చుక్కలను సమదూరమున గొలిచి పెట్టగల చేతులకు నీడను గొలుచుట కష్టము గాదు. కొండమీది బడులలో నీ పాఠమును తెలుగుననే గాక, కువి మొదలగు నక్కడి పిల్లల యింటి భాషలలోను జెప్పవలెను. తన యూరు భూమిపై నెక్కడనున్నదో స్వయముగా గొలిచి చూచిన బాలిక, రేపు తన చేని పత్రమును మరియొకని చేతికిచ్చి చదివింపవలసిన యగత్యము లేనిదగును.