బోర్డింగు బిడ్డలు

శతవార్షికోత్సవ సంచికకు ఆడబిడ్డల చదువు గూర్చి వ్రాయమని కమిటీవారు కోరినప్పుడు, పాత బడుల పేర్లు, స్థాపించిన సంవత్సరాలు వరుసగా చెప్పితే చాలుననుకున్నాను. అయితే ఆలోచించిన కొద్దీ నా మనస్సు బడి మీద గాక బోర్డింగు మీదనే నిలిచింది.

కడపలో లండన్ మిషన్ సేవ 1822లో ఆరంభమైంది. నంద్యాల వైపు ఎస్.పి.జి. వారు, కర్నూలు పట్టణంలో అమెరికన్ బాప్టిస్టువారు తరువాత వచ్చారు. 1876-78 నాటి ధాత కరువులో తల్లిదండ్రులు పోయిన బిడ్డలను మిషన్ కాంపౌండ్లలోకి తీసుకొని అన్నం పెట్టారు. అన్నం కొరకు వచ్చిన బిడ్డకు అక్షరాలు కూడా అబ్బాయి. పల్లెలో బడి పెట్టినా ఆడపిల్ల నిలిచేది కాదు. చంకలో తమ్ముడు, చేతిలో కలుపు దోకుడుపార, ఇంక పలక ఎక్కడ పట్టుకుంటుంది? బోర్డింగులో పడుకోను చోటు, రెండు పూటల సంగటి దొరికినందుననే ఆ బిడ్డ సంవత్సరమంతా బడిలో ఉండగలిగింది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. దొరసానులు ఎంత ప్రేమతో పనిచేసినా, హైస్కూలు చదువు ఎక్కువగా మగపిల్లలదే. ఆడపిల్లకు ప్రాథమిక తరగతులు, కుట్టుపని, వాక్యం. తెలివైనదైతే టీచరు ట్రైనింగు లేక నర్సు పని. బైబిల్ స్త్రీగానో ఉపదేశి భార్యగానో పనికివస్తే చాలునని తలంచారు. 1901 జనాభా లెక్కలలో దేశమంతటా చదువు వచ్చిన స్త్రీలు నూటికి ఒకరైనా లేని కాలమది గనుక దానిని తక్కువ అనలేము. ఆ టీచరమ్మల కుమార్తెలే తరువాత మెట్రిక్ దాటారు. మన సంఘాలలో చాలా కుటుంబాలకు ఈ సంగతి తెలుసు.

స్వాతంత్ర్యం తరువాత ప్రభుత్వ హైస్కూళ్లు పెరిగాయి, మిషన్ బోర్డింగులు తగ్గిపోయాయి. బడి దగ్గరకు వచ్చింది, పడక పోయింది. అదే సమయంలో పొలంలో కొత్త పని పుట్టింది. 1970లో గుజరాతులో మొదటి సంకర పత్తి వంగడం విడుదలైంది. ఆ విత్తనం తయారు చేసే సాగు మన నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాలకు కూడా పాకింది. సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలు తీసివేయాలి, మరునాటి ఉదయం మరొక మొక్క పూవు పుప్పొడి దానికి రుద్దాలి. రెండు మూడు నెలలు ఒక్కరోజు కూడా తప్పకూడదు. ఈ క్రాసింగు పనికి చిన్న వ్రేళ్లు, తక్కువ ఎత్తు అనుకూలమని ఆడపిల్లలనే పిలిచారు. ముందుగానే తండ్రి చేతికి అడ్వాన్సు. పూవు పూసే కాలమూ బడి జరిగే కాలమూ ఒక్కటే. ఇక పడమట కోసిగి, మంత్రాలయం, ఆలూరు వైపు సుగ్గికి పోయే కుటుంబాలు మిరపకాయ కోతకు గుంటూరు దారి పడతాయి. ఇంటికి తాళం పడితే పెద్ద పిల్ల ఎవరి దగ్గర ఉండి తొమ్మిదో తరగతి చదవాలి? 2011 లెక్కలలో కర్నూలు జిల్లా స్త్రీలలో అక్షరాస్యులు దాదాపు సగం, కడపలో నూటికి 57 మంది.

2004లో కేంద్ర ప్రభుత్వం కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు ఆరంభించినప్పుడు, ఇది మన పాత బోర్డింగే గదా అని సంతోషించాను. మొదట ఎనిమిది వరకే. పిల్ల పెద్దమనిషి అయ్యే వయస్సులోనే మరల ఇంటికి పంపడమా అని అప్పుడే అనుకున్నాను. 2018 నుండి వాటిని పన్నెండు వరకు పెంచుటకు వీలు కలిగింది.

నా సొంత అనుభవం ఒకటి. ఒక పల్లె సంఘంలో ఉన్నప్పుడు, పెండ్లి ప్రకటన చేయమని ఒక తండ్రి వచ్చాడు. "పాపకు పద్దెనిమిది నిండినాయి అయ్యగారూ" అన్నాడు. బాప్తిస్మపు రిజిష్టరు తీశాను. పదిహేనే. ప్రకటన చేయనన్నాను. ఆయన కోపపడలేదు. "మేము సుగ్గికి పోతే పిల్లను ఎవరి దగ్గర విడిచిపోవాల అయ్యగారూ, మీరే చెప్పండి" అన్నాడు. నేను చట్టం చెప్పాను, వాక్యం చెప్పాను. పండుకోను చోటు మాత్రం చెప్పలేకపోయాను. పెండ్లి మరొక ఊరిలో జరిగింది. పాస్టరు ఇల్లు పెద్దదే, ముందు గది ఖాళీగానే ఉండేది. ఆ సంగతి నాకు తోచింది వాళ్లు వెళ్లిపోయిన తరువాత. మరుసటి యేడు సుగ్గి కాలంలో ఆ గదిలో ముగ్గురు ఆడబిడ్డలు ఉండి పదో తరగతి వ్రాశారు. వాళ్లకు సంగటి మా అమ్మగారే చేసిపెట్టింది.